చెవుల్లో చీమలు

నా కూతురు నీరజ ఆడవాళ్లను చంపడానికి మా డైనింగ్ టేబుల్ వాడుకుంటుంటే రెండు వారాలు పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాను. మూడో వారం ఇక నా వల్ల కాలేదు.

“ఇయ్యాల ఎందరు సచ్చిండ్రే?” అన్నాను, అన్నం ముందు కూర్చుంటూ.

“ఒక్కతే, బాపు. గని వాడు ఎందుకు చంపిండో నాకే తెలుస్తలేదు. అదే పరేషాన్,” అంది, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

ఏప్రిల్ చివరి రోజులు. జనగామ ఎండకు పదిన్నర దాటితే గడప బయట కాలు పెట్టబుద్ధి కాదు. నీరజ పని హైదరాబాద్‌లో, కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో. ఆఫీసు మారుస్తున్నాం, రెండు నెలలు ఇంటి నుంచే పని చేసుకోండి అన్నారట. మూటాముల్లె సర్దుకొని మా దగ్గరికి వచ్చేసింది. ముప్పై ఏళ్లు వస్తున్నాయి, ఇంకా ఆటలేనా అని నాకు ఒళ్లు మంట. ఆ మాట ఆమె వచ్చిన రోజే అనేశాను, ఆమె విననట్టే ల్యాప్‌టాప్ తెరిచింది.

ఆట నిజాం కాలంలో నడుస్తుంది. డోర్నకల్ జంక్షన్‌లో సాయంత్రం లాంపులు వెలిగించే మనిషి ఒకడు వరసగా ఆడవాళ్లను చంపుతుంటాడు. హైదరాబాద్ నుంచి ఒక అమీన్, అంటే ఆ కాలపు ఎస్సై, దర్యాప్తుకు వస్తాడు. ఆట ఆడేవాళ్లే ఆ అమీన్. ఆధారాలు ఏరాలి, మనుషులను ప్రశ్నించాలి, చివరికి హంతకుడి మనసులోకి దిగాలి. ఈ కథంతా రాసేది నా బిడ్డ.

“వాని మనసు దొరకాలె బాపు. ఏం చూస్తే వానికి లోపల కదులుతది, చంపినంక ఏం చేస్తడు, ఎట్ల నిద్రపోతడు. అది లేకుంటే ఆట లేదు.”

“మనసు లేదు మన్ను లేదు. ఇరవై తొమ్మిదేండ్ల సర్వీసుల వందమందిని చూసిన. భూమి, కల్లు, అనుమానం. నాలుగోది చూడలే.”

“వరసగ చంపినోన్ని చూసినవా?”

అక్కడ ఊరుకోవలసింది. ఊరుకుంటే నేను సదానందాన్ని ఎందుకవుతాను!

“ఒక్కన్ని చూసిన,” అన్నాను. “వాని మనసు కాగితం మీద పెట్టిందే నేను.”

నా సర్వీసులో సగానికి పైగా రైటర్‌గా చేశాను. స్టేషన్ కాగితాల పనంతా చూసే పోలీసును రైటర్ అంటారు. ఎస్సైలు వస్తారు, పోతారు, రైటర్ ఉంటాడు. దొంగ నుంచి హంతకుడి దాకా ఎవడు ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలు ‘నేను’ అంటూ అతని నోటి మాటలా రాసేది రైటరే. సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులు సంతకం పెడతారు, ముద్దాయి వేలిముద్ర వేస్తాడు. నా ఒప్పుకోళ్లకు మా సర్కిల్లో పేరుండేది. పక్క స్టేషన్ల వాళ్లు మచ్చుకు చూసుకోవడానికి పట్టుకుపోయేవాళ్లు.

అటక మీంచి ట్రంకు పెట్టె దించి, ఆ ఒప్పుకోలు కార్బన్ కాపీ తీశాను. పంతొమ్మిది వందల తొంభై ఏడు. అప్పుడు ఈ జిల్లాలన్నీ వరంగల్ జిల్లానే. ఏ స్టేషనో చెప్పను. మూడు నెలల్లో ముగ్గురు ఆడకూలీలు, మిరపతోటల నుంచి ఒంటరిగా ఇంటికి పోతూ చచ్చిపోయారు. ముగ్గురి కాళ్లకూ వెండి కడియాలు మాయం. ముద్దాయి మొగుళ్లపల్లి ఉప్పలయ్య. నేనే గొంతు సవరించుకొని చదివి వినిపించాను.

“ఆడవాళ్ల నవ్వు వింటే నా చెవుల్లో చీమలు పారినట్లు ఉంటుంది. నన్ను చూసే నవ్వుతున్నారని నాకు తెలిసిపోతుంది. ఆ నవ్వు ఆగితే చీమలు ఆగుతాయి. పని అయ్యాక కాలువలో కాళ్లు కడుక్కొని గట్టు మీద కూర్చుంటాను. ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాను. అప్పుడు నాకు మంచి ఆకలి వేస్తుంది.”

నీరజ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చూపించింది కూడా.

“బాపు, గిది మామూలుగ లేదు. ఆయన ఇంత మంచిగ ఎట్ల చెప్పిండు?”

“మనం అడిగే తీరుల అడిగితే అన్నీ చెప్తరు,” అన్నాను.

ఆ పేజీ మీద నాకెంత గర్వమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. బిడ్డ దాన్ని మళ్లీ మళ్లీ చదువుతుంటే నా ఛాతీ పొంగింది. మాట మార్చకుండా మొత్తం లాంపుల మనిషి నోట్లో పెట్టేసింది. ఆ తర్వాత పది పన్నెండు రోజులు మా ఇంట్లో ఎన్నడూ లేనన్ని ముచ్చట్లు నడిచాయి. పాతకాలం బేడీలు ఎట్లుండేవి, లాకప్‌లో నీళ్లు ఎక్కడ పెడతారు, పంచనామా ఎట్లా మొదలవుతుంది, అన్నీ నన్నే అడిగేది. ఇంట్లో ఒకళ్లు నన్ను అడిగి రాసుకోవడం నాకదే మొదలు. ఉప్పలయ్య జైలు నుంచి ఎప్పుడో వచ్చేశాడని, ఊళ్లోనే ఉన్నాడని కూడా నేనే చెప్పాను. కలిసి మాట్లాడితే ఆటకు పనికొస్తుంది అంది. చూద్దాంలే అన్నాను.

మే నడిమధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం కంపెనీ నుంచి హంతకుడి గొంతు వచ్చింది. హనుమకొండ నాటకాల కుర్రాడు చరణ్ అని, లాంపుల మనిషికి అతనితో మాటలు చెప్పించి పంపారు. నీరజ ల్యాప్‌టాప్‌లో ఆట పెట్టింది. చీకటి గది, కిరసనాయిలు దీపం, బల్లకు ఆ వైపు తలపాగా మనిషి. అమీన్ ఒక్కో ప్రశ్న అడుగుతుంటే అతను మెల్లగా, ఓపిగ్గా జవాబు చెబుతున్నాడు.

నా భార్య వసంత కాస్త అవతల నేల మీద కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. ఆట వైపు చూడలేదు. చెవుల్లో చీమలు అయ్యాయి, కాళ్లు కడుక్కోవడం అయింది, బెల్లం ముక్క దాకా వచ్చింది.

“మీ బాపును గందుల పెట్టినవా బిడ్డా?” అంది వసంత.

నీరజ నవ్వింది. “కాదమ్మా, గిది హంతకుడు.”

“గొంతు వేరేటోళ్లది. మాట మీ బాపుదే గదా.” గింజలు తీస్తూనే అంది. “పెండ్లయిన కొత్తల మీ చిన్నమ్మా నేను నవ్వుకుంటుంటే గిదే అన్నడు. చెవుల్ల చీమలు పారుతున్నయి, బంజెయ్యి అని. కాళ్లు కడుక్కోకుంట అన్నం ముట్టడు, తిన్నంక బెల్లం లేకుంటే లేవడు. ఎవలకు తెల్వదు?”

“నోర్ముయ్యి!” అన్నాను.

ఆమె చేటలో గింజలు ఒక పక్కకు జరుపుకుంది. నీరజ నా వైపు చూడలేదు. ఒక బటన్ నొక్కింది, దీపం వెనక మనిషి మాట మధ్యలో ఆగిపోయాడు.

ఆ సాయంత్రం నీరజ కూలర్ ఆపేసి నా ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చుంది.

“గా మాటలు ఉప్పలయ్య చెప్పిండా?”

“ఎవడన్న చెప్తడానే? మేమే రాస్తం. దేశమంతట గంతే.”

“ఒక్క మాట గూడ చెప్పలేదా?”

“దెబ్బలు పడ్డంక ‘మీరెట్లంటె గట్ల సారూ’ అన్నడు. అది చాలు.”

“మరి నవ్వు ముచ్చట ఎందుకు రాసినవ్?”

ఎందుకు రాశానో నాకు బాగా తెలుసు. నగల కోసమైతే ఒకతెను చంపుతాడు, ముగ్గురిని ఎందుకు చంపుతాడు, కారణం గట్టిగా ఉండాలి, లేకుంటే నీ సంగతి చెప్తా అన్నాడు మా సీఐ. అందరి ముందు ఫైలు నా మొహాన కొట్టి మరీ అన్నాడు. ఆ మొహం వేసుకొని క్వార్టర్‌కు వచ్చేసరికి గోడ అవతల వసంత, పక్కింటి ఆడవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. నా గురించే అనుకున్నాను. కాళ్లు కడుక్కొని, తిని, ఆ ఊపులోనే కూర్చొని రాసేశాను. కలం ఎక్కడా ఆగలేదు.

ఇదంతా బిడ్డకు చెప్పలేదు. “కేసు నిలబడాలె గదా,” అన్నాను.

“పోలీసులకు ఒప్పుకుంటె కోర్టుల చెల్లదు. ఆట కోసం సదివిన నేను.”

“చెల్లదు. ఆఖరుకు ‘నా వెంట వస్తే దాచిన సొత్తు చూపిస్తాను’ అని ఉంటది సూడు, గా ముక్క చెల్లుతది. చూపిచ్చిండు, వాని కొట్టం కప్పుల కడియాలు దొరికినయ్. అయిపాయె.”

“నిజంగ వాని కొట్టంలనే దొరికినయా?”

“కోర్టు ఒప్పుకున్నది.”

“నేను కోర్టును అడుగుతలేను, బాపు.”

నాకు కోపం నషాళానికి అంటింది. నా ఇంట్లో, నా కుర్చీలో, నా కరెంటుతో నడిచే పెట్టె పెట్టుకొని నన్నే విచారిస్తోంది! ఆట రాసుకునేదానివి ఆట రాసుకో, డ్యూటీ గురించి నీకేం తెలుసు, నా జీతంతో చదివి నాకే ఎదురు తిరుగుతావా అని నోటికి వచ్చినట్లు తిట్టాను. అంతా విని, “రేపు పొద్దుగాల మొగుళ్లపల్లికి పోతున్న,” అని లేచింది.

ఒంటరిగా పోనిస్తే ఏమేం వింటుందోనని నేనూ కారెక్కాను.

మొగుళ్లపల్లి చేరేసరికి పది దాటింది. కోసిన యాసంగి వడ్లు రోడ్డు పొడుగునా ఎండుతున్నాయి. ఉప్పలయ్య తన రేకుల ఇంటి ముందు కూర్చొని చిరిగిన గోనె సంచులు దబ్బనంతో కుట్టుకుంటున్నాడు. అరవై ఐదుంటాయి, ఎనభై ఏళ్ల వాడిలా ఉన్నాడు. నన్ను చూసిన మరుక్షణం గుర్తుపట్టాడు. భుజం మీది తువ్వాల తీసేసి లేచి నిలబడ్డాడు.

“రైటర్ సారు! బాగున్నరా?”

ఇంట్లోంచి నలభై దగ్గరపడిన ఆడమనిషి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఉప్పలయ్య కూతురు సమ్మక్క. తండ్రి జైలుకు పోయేనాటికి పది పన్నెండేళ్ల పిల్ల. చెల్పూర్ కరెంటు ప్లాంటులో కూలి చేసే అతనికి ఇచ్చారు. హంతకుని బిడ్డవని రోజూ అంటుంటే పడలేక వచ్చేసి, తండ్రి దగ్గరే ఉంటోంది. ఇవన్నీ మేం అడగకుండానే ఆమే చెప్పింది. అంత ఎండలో అంత దూరం నుంచి పోతే మంచినీళ్లు మాత్రం ఇవ్వలేదు. మన పల్లెల్లో శత్రువుకైనా ఇస్తారు.

నీరజ గోనె సంచి మీదే కూర్చుంది. తను ఎవరో, ఏ పని చేస్తుందో చెప్పింది.

“తాతా, గా ఒప్పుకోలు కాగితంల ఉన్న మాటలు నీకు ఎరుకేనా?”

“ఎరుక లేకేం బిడ్డా, నోటికి వస్తది.” ఉప్పలయ్య మళ్లీ కూర్చొని దబ్బనం పక్కన పెట్టాడు. “జైలుల అందరు అడుగుతుండిరి. ఉప్పలయ్యా, చీమల ముచ్చట చెప్పు అని. చెప్పకుంటె అన్నం గుంజుకుందురు.”

చేతులు ఒడిలో పెట్టుకొని, నేను రాసిన పుస్తకాల తెలుగు అక్షరం తప్పకుండా అప్పజెప్పాడు. ఏనాడూ బడి మొహం చూడని మనిషి నోట్లోంచి ‘తెలిసిపోతుంది’, ‘వేస్తుంది’ అని నా మాటలు వస్తుంటే నేను రోడ్డు మీది వడ్ల వైపు తిరిగాను. చివర ఆకలి దగ్గర ఆగాడు.

“మొదట్ల నేను చెయ్యలే అనుకుంటుంటి. ఏండ్లకేండ్లు చెప్పంగ చెప్పంగ నిజంగనే కండ్ల ముంగట కనవడవట్టె. కాలువ, గట్టు, బెల్లంముక్క. గప్పుడు కల్లు బాగ తాగుతుంటి, ఏ దినం ఎక్కడున్ననో యాదుండకపోతుండె. ఇప్పటికి గూడ ఆడోళ్లు నవ్వితె చెవులు పట్టి చూసుకుంట, చీమలు ఉన్నయేమో అని.” తల ఎత్తి నన్ను చూశాడు. “మీకెరుక సారు. మీరే చెప్పుండ్రి. నేను చేసిన్నా?”

అందరూ నా వైపే చూస్తున్నారు. గుమ్మంలో సమ్మక్క, గోనె సంచి మీద నా బిడ్డ.

నాకు తెలుసు. రెండో ఆడమనిషి చచ్చిన నాడు, ఆ ముందు రోజూ, ఉప్పలయ్య మా స్టేషన్ వరండాలోనే పడి ఉన్నాడు. కల్లు దుకాణం దగ్గర గొడవ పడ్డాడని తెచ్చి కూర్చోబెట్టాం. ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు, ఎక్కించేది నేనే కాబట్టి నాకు తెలుసు. కడియాలు కూడా అతని కొట్టంలో దొరకలేదు. కాలువ తూములో దొరికాయని ఒక గొర్రెల కాపరి తెచ్చిస్తే నేనే తీసుకొని బీరువాలో పెట్టాను. మరుసటేడు డోర్నకల్ పట్టాల పక్కన ఇంకొక ఆడమనిషి చనిపోయి పడి ఉందని, కాళ్లకు కడియాలు లేవని పేపర్లో చదివాను. చదివి, పేజీ తిప్పాను.

“కోర్టు తీర్పు చెప్పింది గదా ఉప్పలయ్యా,” అన్నాను.

“అవు సారు. కోర్టు చెప్పింది.” దబ్బనం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఇగ లేవుండ్రి,” అంది సమ్మక్క. “కాగితాలు రాసుకునెటోళ్లు ఎవరొచ్చినా మా నాయిన నెల దినాలు అన్నం తినడు. ఇగ రాకుండ్రి.”

నీరజ కారు పరకాల దాటించింది. నేను ఎండ గురించి, టోల్ గేట్ గురించి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. హనుమకొండ బస్టాండ్ ముందు కారు ఆపింది.

“దిగు బాపు.”

“ఏందే, పిచ్చి లేసిందా?”

“నువ్వు చెప్పకున్నా నీ మొఖం చెప్పింది. నిన్ను పక్కకు కూసోబెట్టుకొని నేను బండి నడపలేను. దిగు.”

ఆ క్షణాన చెంప పగలగొట్టాలనిపించిన మాట నిజం. దిగి, డోరు విరిగేలా వేశాను. జనగామ బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి ఆమె సామాను సర్దుకొని హైదరాబాద్ వెళ్లిపోయింది. డైనింగ్ టేబుల్ తుడిచి శుభ్రంగా ఉంది.

తర్వాత మూడు వారాలు నా ఫోన్ ఎత్తలేదు. వాళ్లమ్మతో మాత్రం రోజూ మాట్లాడేది. వసంత నాకు వేళకు కంచం పెట్టి, మరో మాట లేకుండా పక్కింటికి వెళ్లిపోయేది. నేను కేకలేశాను, కంచం విసిరేశాను, అలిగి ఒక పూట పస్తు కూడా పడుకున్నాను. ఏం చేసినా ఆమె మొహంలో భయం రాలేదు. ఆ మొహం చూడటం నాకు అలవాటు లేదు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం పక్కింటి గోడ అవతల ఆడవాళ్ల నవ్వు వినబడింది. అందులో ఒక గొంతు వసంతది. పెళ్లయి ముప్పై నాలుగేళ్లు, ఆమె అంత గట్టిగా నవ్వగా విన్నది ఆ క్వార్టర్ రోజుల్లోనే. కుర్చీలోంచి లేచాను. చెవులు వేడెక్కాయి, లోపల సన్నగా పాకడం మొదలైంది. నేను రాసినట్లే, అక్షరం తేడా లేకుండా. గోడ పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. నామీద నాకే మొదటిసారి భయం వేసింది.

ఆమె తిరిగొచ్చేసరికి కూడా నేను అక్కడే ఉన్నాను.

“బిడ్డ ఆట మార్చింది,” అంది, నేను అడగకుండానే. “ఇప్పుడు గందుల హంతకుడు దొరకడట. గా కాగితం ఎవడు రాసిండో దొరుకుతడట. కంపెనోళ్లు గరమైండ్రట. ఉద్యోగం పోతె పోతది అన్నది.”

నేను గోడ వదిలి కుర్చీలో కూర్చున్నాను.

“మీరు ఎవల్ని చంపలే. నాకెరుక. గని ముప్పై నాలుగేండ్లు నేను నవ్వు మింగుకొని బతికిన. అక్కడ ఆయిన పదహారేండ్లు జైలుల బతికిండు. ఇగ మీ ఇష్టం.”

నా ఇష్టం అంటే ఏమిటో రెండు రోజులు తెలుసుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను. రాసిస్తే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు! కేసు తిరగబడుతుంది, పెన్షన్ ఆగుతుంది, ఈ వయసులో బోనెక్కాలి. సీఐ చచ్చిపోయాడు, మధ్యవర్తులిద్దరూ పోయారు. ఉన్నది నేనొక్కడినే, నేను నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. మూడో రోజు పొద్దున కాళ్లకు చెప్పులు వేసుకొని బస్టాండ్‌కు నడిచాను. మంచితనం పొంగిందని ఎవరూ అనుకోవద్దు. ఆ ఇంట్లో ఆ కుర్చీలో కూర్చోలేక పోయాను.

మొదటి వానలు పడి మొగుళ్లపల్లి చేలల్లో పత్తి గింజలు పెడుతున్నారు. ఉప్పలయ్య వసారాలో కూర్చొని ఉన్నాడు, సమ్మక్క కూరగాయలు తరుగుతోంది. నన్ను చూసి కత్తిపీట పక్కకు నెట్టి లేచింది.

“రావద్దన్నగదా!”

“ఒక్క మాట చెప్పి పోత.” నిలబడే చెప్పాను. ఆలస్యం చేస్తే చెప్పలేనని తెలుసు. “ఉప్పలయ్యా, నువ్వు చెయ్యలే.”

స్టేషన్ వరండా సంగతి, కడియాల సంగతి, చీమల సంగతి వరసగా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది.

“గిది మీకు ఎన్నడు తెల్సింది సారు?” అన్నాడు ఉప్పలయ్య.

“గప్పుడే తెలుసు.”

“రాసేటప్పుడు గూడ?”

“రాసేటప్పుడు గూడ.”

కాళ్ల మీద పడి ఏడుస్తాడని అనుకున్నానేమో, నాకు తెలియదు. నా మొహం మీద ఉమ్మేస్తాడని కూడా అనుకున్నాను. అతని గొంతులో అంత విషం ఉంటుందని మాత్రం అనుకోలేదు.

“నోటితోని చెప్పి పోదామనా? మీ నోటి మాట నాకెందుకు? ఊళ్లె ఎవలు నమ్ముతరు, రేపటికి నేను గూడ నమ్మ. రాసియ్యి!”

సమ్మక్క లోపలికి పోయి తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పడేసింది. గడప పక్కన నేల మీదే కూర్చొని రాయడం మొదలుపెట్టాను. చేయి దానంతట అదే పాత దారి పట్టింది. ‘నేను, దిగువ సంతకం చేసిన సదానందం, సదరు కేసునందు తదుపరి...’ సమ్మక్క నా భుజం మీంచి పైకి చదువుతోంది.

“ఆపు!” అన్నాడు ఉప్పలయ్య. “గట్ల గాదు. మా బిడ్డకు, నాకు సమజయ్యేటట్టు రాయి. మొదటిసారి రాసింది పదహారేండ్లు మోసినా నాకు సమజ్ కాలే.”

కాగితం చించేశాను. ఇంకొకటి అడిగాను. ఇరవై రెండేళ్లు రైటర్‌గా చేసిన నాకు మాటలు దొరకలేదు. చెమట కళ్లల్లోకి దిగుతోంది. అరగంట పట్టింది. సంతకం పెట్టి, ఫోన్ నంబరు, సర్వీసు నంబరు కూడా వేశాను. సమ్మక్క వెంటనే ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

“కేసు ఏస్తం సారు,” అంది. “ఊకెనే పోనియ్యం.”

“వెయ్యుండ్రి.”

“మీ బిడ్డకు గూడ పంపుత. నంబరిచ్చి పోయింది.”

నేను లేవబోయాను, మోకాళ్లు పట్టేశాయి. ఎవరూ చేయి అందించలేదు. గోడ ఆసరాతో లేచాను.

“సదువు బిడ్డా,” అన్నాడు ఉప్పలయ్య.

సమ్మక్క చదివింది. “ఉప్పలయ్య ఎవరినీ చంపలేదు. అది నాకు మొదటి నుంచి తెలుసు. రెండో ఆడమనిషి చచ్చిన రోజు అతను మా స్టేషన్‌లో ఉన్నాడు. కడియాలు అతని ఇంట్లో దొరకలేదు. ఆ కాగితంలో ఉన్న కోపం నాది. దాన్ని సదానందం అనే నేను అతని పేరు మీద రాశాను.”

ఉప్పలయ్య కళ్లు మూసుకొని విన్నాడు. పక్కింటివాళ్లు ఇద్దరు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“మల్లొకసారి సదువు,” అన్నాడు. “ఇంకింత గట్టిగ సదువు, అందరికి ఇనపడాలె.”

సమ్మక్క గొంతు పెంచింది. ఆమె రెండోసారి మొదలుపెట్టేసరికి నేను వాకిలి దాటి రోడ్డు మీదికి వచ్చాను. నా పేరు వినబడుతూనే ఉంది.